ఇంక్రిమెంట్ 50 వేలు, పన్ను 52 వేలు. స్లాబులన్నీ తీసేసి ఒకే రేటు పెడితే తప్పేంటి?

బెజవాడ_బాబ్జీ | సోమవారం, రాత్రి 9:40

కిందటేడాది నా జీతం సరిగ్గా 12 లక్షల 75 వేలు. స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీసేస్తే 12 లక్షలు, దాని మీద పన్ను 60 వేలు, 87ఏ సెక్షన్ కింద పన్నులోంచి తగ్గించే రిబేటు కూడా అదే 60 వేలు, అంటే కట్టాల్సింది సున్నా. ఈ ఏప్రిల్‌లో 50 వేలు పెంచారు. ఇంట్లో అందరం సంతోషపడ్డాం, అమ్మ కొండ మీదకెళ్లి అమ్మవారికి కొబ్బరికాయ కూడా కొట్టొచ్చింది. మొన్న ఆఫీసులో టీడీఎస్ లెక్క చేతిలో పెట్టారు, ఏడాదికి 52 వేలు కోస్తారంట. పెరిగింది 50, పోయేది 52. ఫోన్లో వేశా, కాగితం మీద వేశా, మూడుసార్లు వేశా, అదే వస్తోంది.

అప్పట్నుంచి ఈ స్లాబుల గురించే చదువుతున్నా. 2025 బడ్జెట్లో పెట్టినవి చూడండి, 4 లక్షల దాకా సున్నా, అక్కడ్నుంచి 24 లక్షల దాకా ప్రతి 4 లక్షలకీ ఒక మెట్టు, 5, 10, 15, 20, 25, ఆ పైన 30. దాని మీద రిబేటు, రిబేటు దాటితే మార్జినల్ రిలీఫ్ (12 లక్షలు ఎంత దాటామో అంతకంటే పన్ను మించకుండా ఆపేది), 50 లక్షలు దాటితే పన్ను మీద అదనంగా సర్‌చార్జీ, అన్నిటి మీద 4 శాతం సెస్సు. ఇన్ని మెలికలు దేనికి? ఇంత మొత్తం వరకు అందరికీ మాఫీ, ఆ పైన వచ్చే ప్రతి రూపాయికీ ఒకే రేటు, అంతే పెట్టొచ్చు కదా. ఎస్టోనియా 1994లోనే చేసింది, రష్యా 2001లో, స్లొవాకియా 2004లో, బల్గేరియా 2008లో 10 శాతం పెట్టి ఇప్పటికీ అదే నడుపుతోంది.

నా వాదన చిన్నది. ఓవర్‌టైం చేయాలా, కొత్త ఉద్యోగంలో చేరాలా, సాయంత్రం ఇంకో క్లాసు చెప్పాలా అని ఆలోచించేటప్పుడు ఎవడూ మొత్తం మీద ఎంత శాతం కడుతున్నా అని చూడడు, ఈ వచ్చే రూపాయిలో నా చేతికి ఎంత మిగుల్తుంది అని చూస్తాడు. నా విషయంలో ఆ వచ్చే రూపాయి మీద రేటు 104 శాతం. వంద కోట్లు సంపాదించేవాడికి 39. పేదోడికి మేలు చేసే పద్ధతి అని చెప్పుకునే దాంట్లో ఇదెక్కడి న్యాయం? తప్పుంటే దిద్దండి, మనస్ఫూర్తిగా అడుగుతున్నా.

ఓరుగల్లు_అక్షర | సోమవారం, రాత్రి 10:25

బాబ్జీ అన్నా, మీ కోపం నాకు అర్థమైంది, 12 లక్షల నుంచి 12 లక్షల 70 వేల చిల్లర దాంక ఉన్నోళ్లందరిదీ ఇదే గోస. కానీ మీకు ఈ దెబ్బ స్లాబుల వల్ల తగల్లేదు, రిబేటు వల్ల తగిలింది. స్లాబుల లెక్కల ఒక మెట్టు ఎక్కితే ఆ మెట్టు మీది పైసలకే కొత్త రేటు పడతది, కింది పైసలకు పాత రేటే ఉంటది. 12 లక్షల దాంక మొత్తం మాఫీ అని చెప్పి, ఒక్క రూపాయి దాటంగనే ఇచ్చిన 60 వేలు వెనక్కి గుంజుకునుడు మొదలుపెడ్తరు గదా, రోగం అక్కడుంది. దానికి స్లాబులే వద్దంటే ఎలుకలున్నయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు.

నేను డిగ్రీ కాలేజీల ఎకనామిక్స్ చెప్త. మా పిల్లలకు మొదట చెప్పేది ఇదే, రూపాయి విలువ అందరి చేతుల ఒక్క తీరు ఉండదు. నెలకు 20 వేలొచ్చే ఇంట్ల వెయ్యి పోతే కూరగాయల్ల, బస్ చార్జీల్ల, పిల్లగాని ట్యూషన్ల కోత పడతది. నెలకు 20 లక్షలొచ్చే ఇంట్ల ఆ వెయ్యి పోయినట్టు కూడ తెల్వది.

ఒకసారి లెక్క చూడండి. 4 లక్షలు మాఫీ, ఆ పైన అందరికీ 20 శాతం అనుకుందాం. ఇప్పుడు సున్నా కడుతున్న 12 లక్షలాయన 1 లక్షా 60 వేలు కట్టాలె. 24 లక్షలాయన ఇప్పుడు సెస్సు కాకుండ 3 లక్షలు, అప్పుడు 4 లక్షలు. కోటి వచ్చేటాయన ఇప్పుడు సర్‌చార్జీ, సెస్సుతోని ఇరవై తొమ్మిదిన్నర లక్షలు, అప్పుడు 19 లక్షల 20 వేలు. ఎవరి జేబుల నుంచి ఎవరి జేబులకు పోతుందో మీరే చెప్పండి.

సీమ_బిడ్డ | సోమవారం, రాత్రి 10:50

మనకి ఫ్లాట్ ట్యాక్స్ (అందరికీ ఒకే పన్ను) ముందే ఉంది కదన్నా, ప్రొఫెషనల్ ట్యాక్స్. నెలకి 20 వేలు దాటితే చాలు, రెండు రాష్ట్రాల్లోనూ 200. మా షాపులో పనిచేసే పిల్లోడికీ 200, నెలకి 5 లక్షలొచ్చే మేనేజరుకీ 200. అది చూసినాక ఒకే రేటు అంటే నాకు భయమే.

ఆడిటర్_ఏలూరు | మంగళవారం, ఉదయం 7:15

సీమ_బిడ్డ గారూ, అది వేరండి. అందరూ ఒకే మొత్తం కట్టేది తలపన్ను లాంటిది. ఒకే రేటు అంటే ఒకే శాతం, పది రెట్లు వచ్చినవాడు పది రెట్లు కడతాడు. మాఫీ మొత్తం ఉంటే పది రెట్ల కంటే ఎక్కువే కడతాడు. అక్షరమ్మ గారి లెక్కలోనే చూడండి, 20 శాతం రేటైనా 12 లక్షలాయన మీద సగటు భారం పదమూడుంపావు శాతం పైచిలుకు, కోటి ఆయన మీద 19 దాటింది. మాఫీ ఉన్న ఒకే రేటులో కూడా పైకెళ్లేకొద్దీ సగటు శాతం పెరుగుతూనే ఉంటుంది. ఈ సంగతి చాలామందికి తట్టదు.

ఇంకోటి. ముప్పై ఏళ్లుగా రిటర్నులు వేస్తున్నా, ఈ దేశంలో స్లాబులు నికరంగా పడేది జీతగాళ్ల మీదా, చిన్న ప్రాక్టీసుల మీదానే. మిగతాదంతా ఎప్పుడో ఒకే రేటయిపోయింది. పార్టనర్‌షిప్ ఫర్మ్‌కి మొదటి రూపాయి నుంచే 30 శాతం, మాఫీ అనేదే లేదు. లాటరీకి 30, క్రిప్టోకి 30. లిస్టెడ్ షేర్ల మీద లాంగ్ టర్మ్ (ఏడాది దాటి ఉంచుకుని అమ్మిన) లాభానికి లక్షా పాతిక వేలు దాటితే పన్నెండున్నర, అది రెండు లక్షల లాభమైనా రెండు కోట్లయినా అంతే. కొత్త రేటు ఎంచుకున్న కంపెనీకి 22, సర్‌చార్జీ సెస్సు కలిపి 25.17. అందుకే కాస్త పెద్ద వ్యాపారి నా దగ్గరికొచ్చి ముందు అడిగేది, సార్ ఈ ఆదాయం ఎవరి పేర పెడదాం అని. భార్య పేర, హెచ్‌యూఎఫ్ (ఉమ్మడి హిందూ కుటుంబం) పేర, కంపెనీ పేర. ఒక మనిషి ఆదాయం నాలుగు స్లాబుల కుండల్లో పోస్తే పన్ను తగ్గుతుంది కాబట్టి పోస్తున్నారు. రేటు ఒకటే అయితే ఒక్కొక్కరి మాఫీ వాడుకోవడం తప్ప ఆ పోయడంలో లాభం లేదు, మా ఫీజుల్లో సగం పోతుంది, పోయినా పర్లేదు.

బాబ్జీ గారికి ఒక మాట. కొత్త పన్ను పద్ధతిలో కూడా యజమాని మన ఎన్‌పీఎస్ పింఛను ఖాతాలో కట్టేదానికి మినహాయింపు ఉంది, బేసిక్‌లో 14 శాతం దాకా. ఆ 50 వేలు అటు మళ్లించమని ఆఫీసులో అడగండి, పన్ను మళ్లీ సున్నా.

కృష్ణానగర్_ఎడిటర్ | మంగళవారం, మధ్యాహ్నం 1:05

నేను సినిమాలకి ఎడిటింగ్ చేస్తానండి, మా బాధ ఎవరూ రాయట్లేదు కాబట్టి రాస్తున్నా. మాకు ఒక ఏడాది మూడు సినిమాల డబ్బులు ఒకేసారి వస్తాయి, తర్వాత ఏడాదంతా ఖాళీ, రిలీజ్ ఆగిపోతే బ్యాలెన్స్ కూడా రాదు. ఒక ఏడు పన్ను పడే ఆదాయం 36 లక్షలు, తర్వాతి ఏడు 4 లక్షలు అనుకోండి. సెస్సు కాకుండా 36 మీద 6 లక్షల 60 వేలు, 4 మీద ఏం లేదు. నా ఫ్రెండ్ సాఫ్ట్‌వేర్‌లో రెండేళ్లూ తలా 20 లక్షలు, ఏడాదికి 2 లక్షల చొప్పున మొత్తం 4 లక్షలు కట్టాడు. ఇద్దరికీ రెండేళ్లలో వచ్చింది అదే 40 లక్షలు, నేను 2 లక్షల 60 వేలు ఎక్కువ కట్టా. ఉద్యోగ భద్రత లేనోడి మీదే ఎక్కువ పన్ను పడటం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. అందుకే నేను బాబ్జీ అన్న వైపు.

తాలిన్_తెలుగోడు | మంగళవారం, సాయంత్రం 6:30

ఎస్టోనియా పేరు వచ్చింది కాబట్టి ఇక్కడ ఉండేవాడిగా చెప్తాను. 1994లో సోవియట్ నుంచి బయటపడిన కొత్తలో, మార్ట్ లార్ ప్రధానిగా ఉన్నప్పుడు 26 శాతం ఒకే రేటు పెట్టారు. అప్పుడు వాళ్లకి పన్నుల యంత్రాంగమే సరిగ్గా లేదు, పది స్లాబులు పెడితే వసూలు చేసే మనుషులు లేరు. తర్వాత తగ్గిస్తూ 2015కి 20 చేశారు, 2025లో 22కి పెంచారు. రిటర్న్ వేయడానికి నాకు ప్రతి ఏడాదీ ఐదు నిమిషాలు కూడా పట్టదు, లెక్క అంతా ముందే నింపి ఉంటుంది, చూసి ఓకే నొక్కడమే. యజమాని జీతం ఇచ్చేటప్పుడు కోసిన రేటూ చివర్లో పడే రేటూ ఒకటే కాబట్టి సర్దుబాట్లు తక్కువ.

కానీ బాబ్జీ గారూ, మీకు జరిగిందే ఇక్కడా జరిగింది, వినండి. 2018లో రేటు మార్చకుండా మాఫీని మార్చారు. ఏడాదికి 14,400 యూరోల లోపు ఉంటే నెలకి 500 యూరోలు మాఫీ, ఆపైన కొంచెం కొంచెంగా తగ్గిస్తూ 25,200 దగ్గర సున్నా. బోర్డు మీద రేటు 20 అనే ఉంది, మధ్యలో ఉన్నవాళ్లకి మాత్రం పెరిగిన ప్రతి యూరో మీద పడింది 31 శాతం, అదే పైన ఉన్న పెద్ద జీతాలవాళ్లకి 20. దీన్ని ఇక్కడివాళ్లు పన్ను గూని అన్నారు. ఏళ్ల తరబడి గొడవపడి, 2026 నుంచి అందరికీ సమానంగా నెలకి 700 యూరోల మాఫీ చేశారు. ఒకే రేటు అని పేరు పెట్టుకున్నా మాఫీ గుంజుకుంటే ఆ గుంత మళ్లీ వస్తుంది.

ఇంకో నిజం కూడా చెప్పాలి, జీతం మీద యజమాని 33 శాతం సోషల్ ట్యాక్స్ వేరే కడతాడు. ఆ 22 చూసి ఇక్కడ పన్ను తక్కువ అనుకోకండి.

హారిస్‌బర్గ్_హరి | మంగళవారం, రాత్రి 11:20

మా పెన్సిల్వేనియాలో రాష్ట్ర పన్ను 3.07 శాతం, అందరికీ అదే. రాష్ట్ర రాజ్యాంగంలోనే పన్ను ఏకరీతిగా ఉండాలని ఉంది, మెట్లు పెట్టడానికి కుదరదు. ఇల్లినాయ్‌లో 4.95, దాన్ని మెట్లుగా మార్చుకుందామా అని 2020 నవంబర్లో ఓటేయమంటే జనం వద్దన్నారు. ఆరిజోనా 2023 నుంచి రెండున్నర. తెలుగువాళ్లు షార్లెట్ వైపు ఎక్కువ వెళ్తున్నారు, అది ఉన్న నార్త్ కరోలినాలో కూడా ఒకే రేటే. అయితే వీటన్నిటి పైనా ఫెడరల్ పన్ను మెట్లుగానే ఉంది, 10 నుంచి 37 దాకా, అసలు బరువంతా అక్కడే. కాబట్టి అమెరికా రాష్ట్రాలను చూపించి దేశం మొత్తానికి ఒకే రేటు నడుస్తుందని అనలేం. అలాంటి ఆలోచన మాత్రం ఇక్కడ పాతదే, హూవర్ ఇన్‌స్టిట్యూషన్ అనే పరిశోధన సంస్థలో హాల్, రబుష్కా అనే ఇద్దరు 1981లోనే 19 శాతం ప్లాన్ రాశారు, రిటర్న్ పోస్ట్‌కార్డు మీద పట్టాలని. కాంగ్రెస్ దాకా వెళ్లింది, చట్టం కాలేదు.

ఓరుగల్లు_అక్షర | బుధవారం, ఉదయం 8:10

తాలిన్ తమ్ముడు చెప్పినదే నా మాట కూడ. ఇంక రష్యా సంగతి. అక్కడ ముందు 12, 20, 30 ఉండె, 2001ల 13 చేసిన్రు. మరుసటేడు వసూళ్లు ద్రవ్యోల్బణం తీసేసి చూసినా నాలుగో వంతు పెరిగినయి. ఫ్లాట్ ట్యాక్స్ అనేటోళ్లందరు దీన్నే చూపెడతరు. 2005ల ఐఎంఎఫ్ ఆర్థికవేత్తలు ఇంటింటి సర్వే లెక్కలు తీసి చూస్తే, రేటు తగ్గినోళ్లు ఆదాయం దాచుడు తగ్గించిన్రు గానీ వసూళ్లు పెరిగింది ముఖ్యంగా జీతాలు పెరిగినందుకని తేలింది. ఎక్కువ పని చేసిన్రనడానికి ఆధారం దొరకలే. ఆఖరికి రష్యానే 2021ల 50 లక్షల రూబుళ్ల పైన 15 పెట్టింది, 2025 నుంచి 13 నుంచి 22 దాంక ఐదు మెట్లు. స్లొవాకియా ఆదాయానికీ కంపెనీకీ వ్యాట్‌కీ అన్నిటికీ 19 పెట్టింది, 2013ల పైవాళ్లకు 25 తెచ్చింది. లాత్వియా 2018ల, లిథువేనియా 2019ల ఎల్లిపోయినయి. హంగరీ నడుపుతుంది, 15 శాతమే, కానీ వ్యాట్ 27. ఉప్పు పప్పు కొనేటోడు కడుతున్నడు.

కానీ బాబ్జీ అన్న వాదనలో బలం లేదని నేననను. జేమ్స్ మిర్లీస్ అనే ఆర్థికవేత్త 1971ల సరైన ఆదాయ పన్ను ఎట్లుండాలె అని గణితం కట్టిండు, నోబెల్ కూడ అచ్చింది. ఆయన పన్ను రేట్లు బాగ ఎక్కువుండాలని తేలుతదనుకొని మొదలుపెట్టి, తన లెక్కల్నే దాదాపు ఒకే రేటు, కింద పెద్ద సాయం అనే రూపం అస్తే ఆశ్చర్యపోయిండు. తర్వాత డైమండ్, సాయెజ్ అనే ఆర్థికవేత్తలు కోటీశ్వరుల ఆదాయాలు అసలు ఎట్ల పంచబడి ఉన్నయో చూసి, మీదికి పోతే రేటు పెరగాలె అని చూపించిన్రు. అంటే మధ్యల అందరికీ ఒకే రేటు ఉంటే పెద్దగ నష్టం లేకపోవచ్చు, కొసకు మాత్రం ఆలోచించాలె. నా మనసుల మాట ఇదే.

బెజవాడ_బాబ్జీ | బుధవారం, రాత్రి 11:55

రాత్రంతా కూర్చుని లెక్కలు వేశా, అక్షర గారూ, ఇది చూడండి. మీరు 4 లక్షల మాఫీ, 20 శాతం తీసుకున్నారు కాబట్టి మధ్యతరగతి మీద పడింది. నేను 12 లక్షలు మాఫీ తీసుకున్నా, రిబేటు కాదు, అందరికీ ఆదాయంలోంచి తీసేసేది, ఎవరి దగ్గరా వెనక్కి గుంజనిది. ఆ పైన 25 శాతం.

సెస్సు కాకుండా చూస్తే, 12 లక్షల ఆదాయానికి ఇప్పుడూ సున్నా, అప్పుడూ సున్నా. 14 లక్షలకి ఇప్పుడు 90 వేలు, అప్పుడు 50 వేలు. 16కి లక్షా 20 వేలు, అప్పుడు లక్ష. 20 లక్షలకి ఇప్పుడు 2 లక్షలు, అప్పుడూ కచ్చితంగా 2 లక్షలే. 24కి 3 లక్షలు, అప్పుడూ 3 లక్షలే! నేనే నమ్మలేదు, మళ్లీ వేశా. ఐదు మెట్లు కట్టి చేరిన చోటికే ఒక్క గీతతో చేరుతున్నాం, మధ్యలో గుంత లేదు. నా 12 లక్షల 50 వేలకి 12,500 కడతా, 52 వేలు కాదు. పెరిగిన 50 వేలల్లో 37,500 ఇంటికొస్తుంది, దానికి ఎవడు ఏడుస్తాడు? సంతోషంగా కడతా.

1973 నాటికి మన దగ్గర 11 స్లాబులు, పై రేటు సర్‌చార్జీతో 97.75 ఉండేదంట. 1985లో వీపీ సింగ్ నాలుగు స్లాబులు చేసి 50కి దించారు, 1997లో చిదంబరం 10, 20, 30 మూడే ఉంచారు. పాతికేళ్లపాటు తగ్గిస్తూ వచ్చి ఇప్పుడు మళ్లీ ఏడు దగ్గర ఉన్నాం.

ఆడిటర్_ఏలూరు | గురువారం, ఉదయం 6:50

బాబ్జీ గారూ, 24 లక్షల దాకా మీ లెక్క బ్రహ్మాండంగా ఉంది, నేను కూడా వేసి చూశా. గొడవంతా ఆ పైన. 5 కోట్ల జీతం తీసుకునే పెద్ద ఎగ్జిక్యూటివ్ ఇప్పుడు 25 శాతం సర్‌చార్జీ, సెస్సుతో కోటీ 89 లక్షల 50 వేలు కడుతున్నాడు. మీ లెక్కలో కోటీ 22 లక్షలు. ఒక్క మనిషి దగ్గరే 67 లక్షల చిల్లు. అతను ఇప్పుడు కట్టేంత కట్టించాలంటే ఒకే రేటు 39 దగ్గరికి పోవాలి, అప్పుడు 24 లక్షలాయన 3 లక్షల బదులు 4 లక్షల 68 వేలు కట్టాలి. ఒక్క గీత గీసినప్పుడు రెండు కొసలూ కలిపి పట్టుకోవడం కుదరదండి.

కృష్ణానగర్ ఎడిటర్ గారికి కూడా ఒక మాట. 12 లక్షల మాఫీ పెడితే మీ ఖాళీ ఏడాదిలో 8 లక్షల మాఫీ వృథా అవుతుంది. మీరు 6 లక్షలు, మీ ఫ్రెండ్ 4 లక్షలు కడతారు, తేడా 2 లక్షలు ఉంటుంది. 4 లక్షల మాఫీ అయితే ఇద్దరిదీ సమానం. మాఫీ పెంచితే పేదవాడికి మేలు, ఆదాయం ఊగేవాడికి తక్కువ మేలు.

ఓరుగల్లు_అక్షర | గురువారం, మధ్యాహ్నం 12:40

ఆడిటర్ గారూ, ఆ 67 లక్షల చిల్లు పూడ్చే మట్టి మీరు మంగళవారం నాడే చూపెట్టిన్రు. అదే 5 కోట్లు జీతం కాకుండ లిస్టెడ్ షేర్ల లాంగ్ టర్మ్ లాభంగ అస్తే ఇప్పుడు ఎంత? పన్నెండున్నర, దాని మీద సర్‌చార్జీ 15 దాటదు, సెస్సు కలిపితే 14.95 శాతం, సుమారు 74 లక్షలు. పని చేసి సంపాదించినోడు కోటీ 89, షేర్లు అమ్మినోడు 74. నిజంగ ఒకే రేటు అనేటోళ్లు ముందుగాల ఈ రెండింటికీ ఒకే రేటు పెట్టాలె. బాబ్జీ అన్న 25 దానికి కూడ వేస్తే షేర్లాయన 48 లక్షలు ఎక్కువ కడతడు. 1986ల అమెరికా ఇట్లనే చేసింది, పై రేటు 50 నుంచి 28కి దించి, జీతానికీ షేర్ల లాభానికీ ఒక్కటే 28 పెట్టిన్రు. ఈ షరతు పెడితే నేను మీ దిక్కు సగం దూరం నడిచి అస్త.

తాలిన్_తెలుగోడు | గురువారం, సాయంత్రం 7:05

షేర్ల లాభం మీద పూర్తి రేటు వేస్తే, కంపెనీ అప్పటికే 25.17 కట్టింది కదా, రెండుసార్లు పడుతుందని వాదన వస్తుంది. ఇక్కడ 2000 నుంచి కంపెనీలో ఉంచుకున్న లాభానికి పన్ను లేదు, డివిడెండ్‌గా బయటికి తీసినప్పుడే పడుతుంది, ఆ డివిడెండ్ అందుకున్నవాడికి మళ్లీ పడదు. జీతం 22, బయటికొచ్చిన లాభం 22. ఏ తలుపు నుంచి వచ్చినా ఒకసారే. రేటు కంటే ఈ అమరికే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది.

సీమ_బిడ్డ | గురువారం, రాత్రి 9:30

ఎవరూ ఎత్తని మాట నేను ఎత్తుతా. వ్యవసాయ ఆదాయం. మా నాన్న వేరుశనగ రైతు, ఆయనకి పన్ను వేయమని నేను చచ్చినా అనను, వానలు లేని ఏడు పెట్టుబడే రాదు. కానీ పట్నంలో ఉంటూ, ఊర్లో తోట కాగితాలు చూపించి కోట్లు వ్యవసాయం కింద రాసుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లకి ఒకే రేటేంది, ఏ రేటూ లేదు.

ఆడిటర్_ఏలూరు | గురువారం, రాత్రి 10:15

అది రాష్ట్రాల జాబితాలో ఉన్న పన్నండి, కేంద్రానికి వేసే హక్కు లేదు. ఇప్పుడున్న చిన్న అదుపు ఒక్కటే, వ్యవసాయ ఆదాయాన్ని రేటు కోసం మాత్రం కలిపి చూస్తాం, దానివల్ల మిగతా ఆదాయం పై స్లాబులోకి వెళ్తుంది. ఒకే రేటు వస్తే పై స్లాబే ఉండదు, ఆ కాస్త అదుపు కూడా పోతుంది. బాబ్జీ గారూ, మీ ప్లాన్‌లో ఇది తప్పకుండా రాసుకోండి.

బెజవాడ_బాబ్జీ | శుక్రవారం, రాత్రి 8:45

రాసుకున్నానండి. ఇప్పటికి నా ప్లాన్ ఇలా ఉంది. అందరికీ 12 లక్షల మాఫీ, గుంజుకోవడం లేకుండా. జీతం, వ్యాపారం, షేర్లు అన్నిటికీ 25, కంపెనీ కట్టింది లెక్కలో తీసేసి. 2 కోట్ల పైన సర్‌చార్జీ ఉంచాలా వద్దా అన్నది అక్షర గారి మాట విన్నాక నాకు తేలట్లేదు, ఉంచితే అది ఒకే రేటు కాదు, రెండు రేట్లు. రెండైనా నాకు ఇష్టమే, ఏడు కంటే నయం. తోటల సంగతి మాత్రం సీమ_బిడ్డా, దానికి దారి నాకు కనపడలేదు.

ఇవాళ ఆఫీసులో ఎన్‌పీఎస్ ఫారం ఇచ్చేశా. పన్ను సున్నా అవుతుంది. ఆ 50 వేలు మాత్రం ఇప్పట్లో చేతికి రావు, నాకిప్పుడు ముప్పై నాలుగే. ఆ డబ్బుతో మా పాపని జూన్‌లో మంచి స్కూల్లో వేద్దామనుకున్నాం. 12,500 కట్టనిచ్చి ఉంటే మిగతా 37,500 తీసుకెళ్లి అక్కడ ఫీజు కట్టేవాణ్ణి.